ప్లస్ గుర్తు మీద బొటనవేలు



కిందటి వేసవిలో మా ఇంటికొక గేమ్ స్టిక్ వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. పెన్‌డ్రైవ్‌కి పెద్దన్నలా ఉంటుంది. టీవీ వెనకాల గుచ్చితే పాత ఆటలు వేల లెక్కన తెర మీదికొస్తాయి. దాంతోపాటు తీగల్లేని రిమోట్లు రెండు. రిమోట్ అనకూడదట, కంట్రోలర్ అనాలట, మావాడు దిద్దుతుంటాడు. గుడివాడలో మేం పెరిగిన వీధిలో దాన్ని రిమోట్ అనే అనేవాళ్ళం, ఆట పెట్టెలో గుచ్చేదాన్ని క్యాసెట్ అనేవాళ్ళం. ఈ కాసేపూ నేను అలాగే అంటాను, ఏమనుకోకండి.

పెట్టగానే మారియో వేశాను. మొదటి స్టేజీ. ముప్ఫై ఏళ్ళ కిందట కబుర్లు చెప్పుకుంటూ దాటేసిన స్టేజీ. పచ్చ గొట్టాలు దాటాక వచ్చే మొదటి గోతిలోనే పడ్డాను. రెండోసారీ పడ్డాను. మూడోసారి గట్టు చివరిదాకా వెళ్ళి నొక్కాను. నొక్కిన సంగతి నా వేలికి తెలుసు, మారియోకి తెలియలేదు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఫోన్‌లో చెప్తే, "నీకు వయసొచ్చిందక్కా" అన్నాడు. వాడు నాకంటే మూడేళ్ళే చిన్న.

సరే, వయసొచ్చిందనే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత పన్నెండేళ్ళ మా అబ్బాయి అదే గోతి దగ్గర రిమోట్‌ని సోఫా మీద పడేసి, "నేను నొక్కానమ్మా, అదే ఎగరలేదు" అన్నాడు. వాడికి వయసు రాలేదు కదా! అప్పుడు నా అనుమానం రిమోట్ మీదికి మళ్ళింది. ఆ అనుమానం వెంటపడి వెళ్ళగా తెలిసిన సంగతులే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. పాత ఆటలు ఆడుకోడానికి తీగల్లేని రిమోట్ కొనాలనుకునేవాళ్ళకి ఉపయోగపడొచ్చు. అసలు కంపెనీవి మన దగ్గర తేలిగ్గా దొరకవు కాబట్టి, దొరికినా చేతికందే ధర కాదు కాబట్టి, బయటి కంపెనీలు చేసినవాటి గురించే నా మాటలు.

ముందు పాత రిమోట్ దగ్గర మొదలుపెడతాను. 1990ల్లో మన ఊళ్ళలో పిల్లలు ఆడిన ఆట పెట్టెలు చాలావరకు జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే యంత్రానికి నకళ్ళు. మీడియా, లిటిల్ మాస్టర్, ఇలా రకరకాల పేర్లతో అమ్మేవాళ్ళు. మా ఇంట్లోదానికి రెండు రిమోట్లు, ఒక తుపాకీ. ఒకటో రిమోట్ నాది, పెద్దదాన్ని కాబట్టి. దాని తీగ, రిమోట్‌లోంచి బయటికొచ్చే మెడ దగ్గర తెగింది. పైకి ఏమీ కనపడదు, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. తీగని ఒక వాటంలో వంచి చిటికెన వేలితో అదిమిపడితే పనిచేస్తుంది, వదిలితే ఆగిపోతుంది. కాంట్రా ఆట సగం నేను చిటికెన వేలు వంచే ఆడాను.

చివరికి రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన మరలు విప్పి రిమోట్‌ని రెండు చెక్కలు చేశాడు. లోపల ఏమీ లేదు! అరచేతిలో సగం కూడా లేని ఒక బోర్డు. దాని మధ్యలో తారు చుక్క పడ్డట్టు నల్లటి బొట్టు, అదే చిప్పు. బటన్ల అడుగున పలచటి రబ్బరు, ఆ రబ్బరు కింద నల్లటి బిళ్ళలు. బటన్ నొక్కితే ఆ బిళ్ళ వెళ్ళి బోర్డు మీది గీతలకి తగులుతుంది, అంతే సంగతి. టీవీ రిమోట్‌లో రబ్బరు అరిగితే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం అంటించేవాళ్ళు గుర్తుందా, అదే రకం. ఆయన తీగ తోలు ఒలిచి, లోపలి సన్న తీగలు విడదీసి లెక్కపెట్టాడు. ఐదు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఐదే. "బటన్లు ఎనిమిదున్నాయి, తీగలు ఐదేంటి పాపా?" అని నన్నే అడిగాడు, నేనే చేసినట్టు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు నలభై దాటాక దొరికింది. ఐదింటిలో ఒకటి కరెంటుది, ఇంకొకటి గ్రౌండ్. మిగిలినవి మూడు. వాటిలో మొదటిదాని మీద పెట్టె ఒక కేక వేస్తుంది: ఈ క్షణాన ఎవరెవరు నొక్కి ఉన్నారో అలాగే ఉండండి అని. రెండోదాని మీద తర్వాత, తర్వాత, తర్వాత అంటూ తడుతుంది. మూడోదాని మీద రిమోట్ ఒక్కొక్కటిగా జవాబు చెప్తుంది. ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఎప్పుడూ అదే వరస. బళ్ళో మాస్టారు హాజరు పిలిచినట్టన్నమాట. నొక్కిన బటన్ ఉన్నానండీ అంటుంది, నొక్కనిది పలకదు. ఎనిమిది పేర్లూ పిలవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

ఈ హాజరు ఎన్నిసార్లు? సాధారణంగా తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఒకసారి. జపాన్, అమెరికా టీవీల లెక్కన సెకనుకి 60 సార్లు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 50. ఇక్కడొక చిన్న ముచ్చట చెప్పాలి. 60కి రాసిన ఆటని 50 మీద నడిపితే ఆరో వంతు నెమ్మదిస్తుంది. పాల్ టీవీకి తగ్గట్టు చేసిన పెట్టెల మీద మనలో చాలామంది ఆడిన మారియో, అమెరికా పిల్లలు ఆడిన మారియో కంటే నిదానస్తుడు! ఇప్పుడు గేమ్ స్టిక్కులోనో, కంప్యూటర్లోనో నడిచేది 60 లెక్కది. కాబట్టి పాత ఆట ఇప్పుడు ఎక్కువ వేగంగా ఉన్నట్టు మీకనిపిస్తే అది భ్రమ కాకపోవచ్చు. ఈ ముక్క మా తమ్ముడికి చెప్పాను. ఒప్పుకోలేదు.

ఇప్పుడు తీగల్లేని రిమోట్ దగ్గరికి వద్దాం. తీగ ఉన్నప్పుడు బటన్ తరగతిలోనే కూర్చుని ఉంటుంది, పిలవగానే పలుకుతుంది. తీగ తీసేస్తే ఆ పిల్లాడు రోజూ ఇంటినించి నడిచి రావాలి. హాజరుకీ హాజరుకీ మధ్య వ్యవధి 60 లెక్కన 16.7 మిల్లీసెకన్లు. దార్లో 8 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, మనం నొక్కే నొక్కుల్లో దాదాపు సగం ఒక హాజరు తప్పిపోయి తర్వాతి హాజరులో పడతాయి. అంటే బొమ్మ ఒక్క మెట్టు ఆలస్యంగా ఎగురుతుంది. నిజం చెప్పాలంటే ఇది పెద్ద లెక్కలోకి రాదు, వేలు సర్దుకుంటుంది. అసలు చిక్కు ఆలస్యంలో కాదు, ఆలస్యానికి లెక్కాపత్రం లేకపోవడంలో ఉంది. ఆర్టీసీ బస్సు రోజూ పది నిమిషాలు లేటుగా వస్తే మనమూ పది నిమిషాలు ఆగి బయల్దేరతాం. ఒకరోజు వేళకి వచ్చి, ఒకరోజు పావుగంట లేటై, ఒకరోజు అసలు రాకపోతే? నా గేమ్ స్టిక్ రిమోట్ ఆ మూడో రకం. గోతి అంచున ఉన్నప్పుడు అసలు రాని బస్సు.

అయితే పాపమంతా రిమోట్‌దే అని తీర్పు చెప్పేముందు టీవీని కూడా బోనెక్కించాలి. పాత డబ్బా టీవీకి ఆలోచన లేదు, వచ్చింది వచ్చినట్టు చూపించేది. ఇప్పటి పలచ టీవీ వచ్చిన బొమ్మని తీసుకుని రంగులు దిద్ది, అంచులు చెక్కి, మధ్యలో తన బొమ్మలు కూడా చేర్చి, అప్పుడు తెర మీద పెడుతుంది. ఈ సింగారానికి కొన్ని టీవీల్లో 50 మిల్లీసెకన్లు దాటిపోతుంది, అంటే మూడు హాజర్లు. సినిమాకి ఫర్వాలేదు, మారియోకి ప్రాణం మీదికొస్తుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది వేస్తే సింగారం మానేస్తుంది. మా ఇంట్లో తగువు సగం అక్కడే తీరిపోయింది, పైసా ఖర్చు లేకుండా. కొత్త రిమోట్ కొనేముందు దయచేసి ఈ పని చేయండి.

తుపాకీ సంగతి అన్నాను కదా. బాతుల ఆట తుపాకీ పలచ టీవీల మీద పనిచేయదు, ఎంత మంచిదైనా సరే. తుపాకీ మీట నొక్కగానే ఆ ఆట తెరని ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా చూపిస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగుని సరిగ్గా అదే క్షణంలో పట్టుకోవాలి. సింగారించుకుని వచ్చే టీవీలో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది, తుపాకీ అప్పటికే కన్ను మూసేసుకుంటుంది. అటక మీది తుపాకీ పాడైపోయిందని పారేయకండి, పాడైంది కాదు.

తీగ తీసేయాలన్న కోరిక కొత్తదేం కాదు. 1980ల్లోనే టీవీ రిమోట్ మాదిరి పరారుణ కిరణాలతో పనిచేసేవి వచ్చాయి. వాటికి ఎదురుగా అడ్డం ఉండకూడదు. వంటింట్లోంచి అమ్మ వరండాలోకి నడిచిందంటే మారియో నిలబడిపోతాడు. ఆ బాధ తీరింది 2002లో, నింటెండో గేమ్‌క్యూబ్ కోసం వేవ్‌బర్డ్ అనే రిమోట్ తెచ్చినప్పుడు. అది రేడియో తరంగాల మీద నడిచింది, రెండు పెన్సిల్ బ్యాటరీలతో. తీగ లేకపోయినా తీగ ఉన్నట్టే ఆడొచ్చని జనం నమ్మింది దాని తర్వాతే.

ఇప్పుడు దుకాణాల్లో రెండు రకాలు. ఒకటి బ్లూటూత్. రెండోది 2.4 గిగాహెర్ట్జ్ అని డబ్బా మీద రాసి, యూఎస్‌బీలో గుచ్చే చిన్న డాంగిల్ ఇచ్చే రకం. తమాషా ఏమిటంటే రెండూ ఆ 2.4 గిగాహెర్ట్జ్ వీధిలోనే తిరుగుతాయి. మన వైఫై కూడా చాలా ఇళ్ళలో అదే వీధిలో. మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే. బ్లూటూత్ ఈ రద్దీలో ఒకచోట నిలబడదు. పాత పద్ధతి బ్లూటూత్ అయితే 79 గదుల మధ్య సెకనుకి 1600 సార్లు మారుతుంది, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మాట అప్పగిస్తుంది. అందరితో కలుపుగోలుగా ఉండటం దాని గుణం. ఫోను, ల్యాప్‌టాప్, దేనికైనా జోడీ కుదురుతుంది. సొంత డాంగిల్ ఉన్న రకం ఆ డాంగిల్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. అందుకే మంచివాటిలో ఆలస్యం తక్కువ, పైగా నిలకడగా ఉంటుంది. రెండూ ఉన్న రిమోట్లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. నా మట్టుకు నేను పాత ఆటలకి డాంగిల్ వైపే మొగ్గుతాను. నాసిరకం డాంగిల్ కంటే మంచి బ్లూటూత్ నయం, అది వేరే సంగతి. నా గేమ్ స్టిక్‌తో వచ్చింది డాంగిల్ రకమే మరి!

ఆ డాంగిల్ ఎక్కడ పెడుతున్నామో కూడా చూసుకోవాలి. టీవీ వెనక గోడకీ రేకుకీ మధ్య గుచ్చితే పాపం అదేం చేస్తుంది? ఒక చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగ కొని, డాంగిల్‌ని టీవీ ముందుకి తెచ్చి, నాకెదురుగా పెట్టాను. రాని బస్సులు సగానికి తగ్గాయి. ఇంకొకటి. యూఎస్‌బీ పోర్టుల్లో నీలం నాలుక ఉన్నవి వేగమైనవి, వాటిలో పెన్‌డ్రైవ్ పనిచేస్తున్నప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ వీధిలోకి కొట్టుకొస్తుంది. నల్ల పోర్టు ఉంటే డాంగిల్ అక్కడ గుచ్చండి, నీలానికి ఎడంగా.

ఇంతవరకు చెప్పింది దారి గురించి. ఇక వేలి గురించి. నా దృష్టిలో అసలు విషయం ఇదే, దుకాణాల్లో ఎవరూ చెప్పని విషయం కూడా ఇదే.

పాత ఆటలు చాలావరకు ప్లస్ గుర్తు బటన్ మీద నడుస్తాయి. దాన్ని ఈ రూపంలో తెచ్చింది నింటెండోలో పనిచేసిన గున్‌పే యొకోయి. 1982లో, చేతిలో పట్టుకుని ఆడే డాంకీ కాంగ్ ఆట కోసం. చేతిలో ఇమిడే ఆటకి పొడుగు కర్ర పెట్టలేరు కదా, అందుకని ఒక ప్లస్ గుర్తు. చూడకుండానే వేలికి దిక్కు తెలుస్తుంది. పైకి ఒకే ముక్క, కింద నాలుగు రబ్బరు బిళ్ళలు, నడుమ చిన్న గుబ్బ. కీలకమంతా ఆ గుబ్బలోనే ఉంది. పొలాల్లో ఏతాం చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఒక చివర వంగితే రెండో చివర లేవాల్సిందే. ఎడమ నొక్కితే కుడి తనంతట తానే లేస్తుంది. గుబ్బ పొట్టిదై, రబ్బరు మరీ మెత్తనైతే? ప్లస్ మొత్తం నులక మంచంలా కిందికి దిగిపోతుంది. కింద నొక్కితే పక్కది కూడా తగులుతుంది. ఒకేసారి ఎడమా కుడీ నొక్కినట్టు కూడా చెప్పేస్తుంది. ఏతాంలో అది జరగదని నమ్మి రాసిన పాత ఆటలు కొన్ని అక్కడ తికమకపడతాయి.

దీనికి నేను పెట్టే పరీక్ష కాంట్రా ఆటతో. 1988లో ఫ్యామికామ్ మీదికి వచ్చిన ఆట, మన దగ్గర అది ఆడని వీధి ఉండదు. అందులో కింద నొక్కితే మనిషి బోర్లా పడుకుని కాలుస్తాడు. కిందా కుడీ కలిపి నొక్కితే లేచి, ఏటవాలుగా కాలుస్తూ పరిగెత్తుతాడు. మనిషిని పడుకోబెట్టండి. బొటనవేలు కిందకే ఉంచి, వేలి కండని కొంచెం అటూ ఇటూ దొర్లించండి, ఆటలో కంగారుపడ్డప్పుడు దొర్లుతుందే అలా. మంచి రిమోట్ అయితే మనిషి పడుకునే ఉంటాడు. చెడ్డదైతే లేచి పరిగెత్తి, ఎదురొచ్చే గుండుకి ఛాతీ ఇస్తాడు. నా గేమ్ స్టిక్ రిమోట్‌లో ఆ మనిషి మూడు లెక్కపెట్టేలోపు లేచాడు. అప్పుడు తెలిసింది, వంద ఆలస్యాల కంటే ఈ ఒక్క రోగం పెద్దదని. పరీక్ష అక్కడితో అయిపోలేదు. దీనికి వ్యతిరేక రోగం కూడా ఉంది. ఏటవాలు అసలు తగలనివ్వని ప్లస్. స్ట్రీట్ ఫైటర్‌లో చేత్తో నిప్పుల బంతి విసరాలంటే కింద, ఏటవాలు, ముందుకి, ఇలా వేలు వంపు తిరగాలి. పదిసార్లు విసిరి చూడండి. ఎనిమిదైనా రాకపోతే ఆ రిమోట్ మనది కాదు.

దుకాణంలో ఆట ఉండదు, ఎలా చూడాలంటారా? ప్లస్ నడిబొడ్డున వేలు పెట్టి తిన్నగా అదమండి. కిందికి దిగకూడదు, గుబ్బ ఆపాలి. తర్వాత ఒక చివర నొక్కి, ఎదుటి చివర లేస్తోందో లేదో కళ్ళతో చూడండి. నాలుగు ముక్కలుగానో, గుండ్రటి పళ్ళెంలానో ఉన్నవి కూడా ఉంటాయి. సెగా వాళ్ళు గుండ్రంగానే చేశారు, సోనీ వాళ్ళు నాలుగు ముక్కలు బయటికి కనపడేట్టు చేశారు. ఆ ఆటలతో పెరిగినవాళ్ళకి అవే ఇష్టం, వాళ్ళతో వాదం పెట్టుకోను.

ప్లస్ ఎక్కడుందో కూడా చూడాలి. ఇప్పటి రిమోట్లలో చాలావాటికి ఎడమచేతి బొటనవేలు సహజంగా వాలేచోట తిప్పుడు పుల్ల ఉంటుంది, ప్లస్ దాని కిందికి, లోపలికి జరిగిపోయి ఉంటుంది. ఎక్స్‌బాక్స్ పద్ధతి అది. కొత్త ఆటలకి అదే సరి. గంటసేపు మారియో ఆడితే మాత్రం బొటనవేలి మొదలు లాగుతుంది. ప్లస్ పైన, పుల్లలు కింద ఉన్నదే పాత ఆటలకి తీసుకోండి. పుల్లలు అసలు లేకపోయినా ఫర్వాలేదు.

కుడిచేతి వైపు ఇంకో తమాషా. మారియోలో బి పట్టుకుంటే పరుగు, ఏ కొడితే గెంతు. రెండూ ఒకే బొటనవేలి పని. వేలి కొన బి మీద అదిమి ఉంచి, కణుపు దగ్గరి కండతో ఏ కొట్టాలి. మనకెవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది. ఇప్పుడు రిమోట్లకి బటన్లు నాలుగు, శిలువ ఆకారంలో. ఏ, బి అని పేర్లు చూసి కుదిర్చామా, వేలు మెలి తిరుగుతుంది. పైగా నింటెండో పద్ధతిలో ఏ కుడివైపు, ఎక్స్‌బాక్స్ పద్ధతిలో ఏ అడుగున. అందుకని పేర్లు వదిలేసి చోటు చూడండి. ఎడమవైపు బటన్‌కి పరుగు, అడుగు బటన్‌కి గెంతు ఇవ్వండి. 1990లో సూపర్ ఫ్యామికామ్ వచ్చినప్పుడు నింటెండో వాళ్ళే తమ మారియోకి ఆ రెండు చోట్లే వాడారు. మార్చుకునే వీలు ఆటలో ఉండాలి, లేదా రిమోట్‌లో ఉండాలి. నా గేమ్ స్టిక్‌లో రెండింటిలోనూ లేదు.

ఏ యంత్రం ఆటలు ఎక్కువ ఆడతారన్నదాన్ని బట్టి రిమోట్ మారుతుంది. సెగా మెగాడ్రైవ్ ఆటలైతే కుడివైపు ఆరు బటన్లు రెండు వరసల్లో ఉన్నది కావాలి, 1993లో వాళ్ళు తెచ్చిన ఆరు బటన్ల రిమోట్ మాదిరిది. స్ట్రీట్ ఫైటర్‌కి కూడా అదే హాయి, మూడు గుద్దులు, మూడు తన్నులు. షెన్‌జెన్‌లోని ఎయిట్‌బిట్‌డో అనే కంపెనీ ఎమ్30 పేరుతో అలాంటిది చేస్తోంది. రెట్రో-బిట్ వాళ్ళు సెగా అనుమతితోనే చేస్తున్నారు, పాత పెట్టెకి ఒక రిసీవర్, కంప్యూటర్‌కి ఒక డాంగిల్ రెండూ ఇస్తారు. ఫ్యామికామ్, సూపర్ ఫ్యామికామ్ ఆటలకి ఎయిట్‌బిట్‌డో ఎస్ఎన్30 ప్రో రకం, నా చేతికి నచ్చినది. ప్లేస్టేషన్ ఆటల్లో కొన్నిటికి పుల్లలు కావాలి, మంచి రిమోట్ ఏదైనా సరే. మన దగ్గరి బ్రాండ్లు ఎవోఫాక్స్, కాస్మిక్ బైట్ లాంటివాటిలో చవగ్గా మంచివి ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం ఎక్స్‌బాక్స్ పద్ధతివి. కొత్త ఆటలు కూడా ఆడే ఇంట్లో అవే తెలివైన కొనుగోలు. పాత ఆటలే లోకమైతే ప్లస్ చూసి కొనండి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేవాటికి నేను డబ్బు పెట్టను. రంగురంగుల దీపాలు సరే. హాల్ ఎఫెక్ట్ అని రాస్తున్నారు, అంటే పుల్ల కదలికని రాపిడితో కాకుండా అయస్కాంతంతో కనిపెట్టడం. మంచిదే, పుల్ల అరిగి బొమ్మ తనంతట తను నడవడం ఉండదు. కాని మారియో పుల్ల మీద నడిచేవాడు కాదు. చేతిలో రిమోట్ వణకడం కూడా 1990ల చివర్లో వచ్చిన ముచ్చట, కాంట్రా మనిషికి వణుకు లేదు. టర్బో బటన్ మాత్రం నాకిష్టం. నొక్కి ఉంచితే తానే టపటపా కొట్టేది. చిన్నప్పటి రిమోట్లలో ఉండేది, లేకపోతే ఏదో పోయినట్టుంటుంది.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది దేనికి తగులుతుంది? ఒకే రిమోట్‌కి నాలుగైదు వేషాలు ఉంటాయి. ఆన్ చేసేటప్పుడు స్టార్ట్‌తోపాటు ఏ బటన్ పట్టుకున్నామన్నదాన్ని బట్టి విండోస్‌కి ఒక వేషం, ఆండ్రాయిడ్‌కి ఒక వేషం, నింటెండో స్విచ్‌కి ఇంకొకటి. వేషం తప్పితే రిమోట్ పాడైందనుకుని తిరిగి పంపేవాళ్ళున్నారు, నేనూ ఒకసారి ప్యాక్ చేసి గుమ్మం దాకా వెళ్ళాను. గేమ్ స్టిక్కులు చాలావరకు తమతో వచ్చిన రిమోట్లని తప్ప వేరేవాటిని గుర్తించవు. అందుకే మా తమ్ముడి సలహా మీద రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో రెట్రోపై అనే ప్రోగ్రామ్ ఎక్కించాం. అది రిమోట్ ఏదైనా కాదనదు. ఆ స్టిక్కుల్లోని వేల ఆటలకి హక్కులెవరివో అడిగితే అది ఇంకో ప్రసంగం అవుతుంది.

అటక మీద పాత పెట్టే ఉందంటే, ముందు రిమోట్ గుచ్చేచోట పిన్నులు లెక్కపెట్టండి. అమెరికా నింటెండోకి ఏడు, మన నకలు పెట్టెలకి ఎక్కువగా తొమ్మిది. ఏడుకి చేసిన రిసీవర్ తొమ్మిదిలో పట్టదు, తొమ్మిదిలో కూడా అమరిక అందరిదీ ఒకటి కాదు. బలవంతం చేయకండి. టంకం పట్టడం తెలిసినవాళ్ళు బ్లూరెట్రో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చిన్న చిప్పుని రిసీవర్‌గా మార్చుకుంటున్నారు. ఐదు తీగలు చూసి ఆశ్చర్యపోయిన మా రేడియో ఆయన ఉంటే ఒక పూటలో చేసిచ్చేవాడు.

బ్యాటరీ గురించి ఒక్క మాట. లోపలే బిగించింది సుఖం, కానీ నాలుగేళ్ళకి అలసిపోతుంది. కొన్నాళ్ళు వాడకపోయినా నెలల తరబడి ఖాళీగా పడేయకండి, సగం ఛార్జింగ్‌తో ఉంచండి. పెన్సిల్ బ్యాటరీలవి ఎప్పటికైనా బతికించుకోవచ్చు.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు వచ్చాడు. సూట్‌కేసులో రెండు ఎస్ఎన్30లు, ఒకేలాంటివి. వాడు రెండూ ఒకేలాంటివి తేవడానికి కారణం ఉంది. అసలు ఫ్యామికామ్ రెండో రిమోట్‌కి స్టార్ట్ బటన్ లేదు. దాని బదులు చిన్న మైకు పెట్టారు జపాన్ వాళ్ళు. మా నకలు పెట్టెలో మైకూ లేదు, స్టార్టూ లేదు. ఆట ఆపాలంటే ఒకటో రిమోట్ ఉన్నవాళ్ళే ఆపాలి. అమ్మ అన్నానికి పిలిచినా, వాడికి నీళ్ళు కావాలన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా నన్నే బతిమాలుకోవాలి. పదేళ్ళు బతిమాలుకున్నాడు. నేను బతిమాలించుకున్నాను.

మా ఇంటి పెట్టెలో ఇప్పుడు ఏ రిమోట్ ముందు ఆన్ చేస్తే అదే ఒకటోది. భోగి నాడు రాత్రి నేను చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి వాడి చేతిలో దీపం అప్పటికే వెలుగుతోంది. ఏమీ అనకుండా రెండోది తీసుకున్నాను. కాంట్రా పెట్టాం. మూడో స్టేజీ జలపాతం ఎక్కుతుండగా వంటింట్లోంచి అమ్మ, అరిసెలు నొక్కడానికి ఒకరు రండర్రా అని కేకేసింది. "ఒక్క నిమిషం ఆపరా" అన్నాను.

"బతిమాలుకో అక్కా" అన్నాడు.